దొంగ ఆధార్ చేసినవాడికీ కొన్నవాళ్లకీ ఒకే శిక్షా?

నాగావళి (రాయగడ): మా అమ్మ పేరు సత్యవతి. ఒడియాలో రాసుకున్నప్పుడు 'వ' కాస్తా 'బ' అయిపోయి, ఆధార్‌లో సత్యబతి అని పడింది. బ్యాంకు పాసుపుస్తకంలో సత్యవతి అనే ఉంది. నాన్న పోయాక పింఛను కోసం తిరిగి తిరిగి, చివరికి ఓ జిరాక్స్ షాపుకి వెళ్లింది. వాడు కంప్యూటర్‌లో ఆ ఒక్క అక్షరం మార్చి ప్లాస్టిక్ కార్డు కొట్టిచ్చాడు, మూడొందలు తీసుకున్నాడు. కౌంటర్‌లో క్యూఆర్ స్కాన్ చేస్తే పాత పేరే వచ్చింది. పోలీసులకి చెబుతామన్నారు. అమ్మకి రెండు రోజులుగా అన్నం సయించట్లేదు. ఇవి చేసి అమ్ముకునేవాడికీ మా అమ్మకీ ఒకే శిక్ష న్యాయమేనా?

పర్లాకిమిడి మాస్టారు: న్యాయమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 337వ సెక్షన్ చూడండి. ఆధార్, ఓటరు కార్డు అని పేరు పెట్టి మరీ రాశారు. ఫోర్జరీకి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. దొంగదని తెలిసి వాడితే 340 ప్రకారం చేసినవాడితో సమానమే. కొనేవాళ్లు లేకపోతే అమ్మేవాడెక్కడ?

గుణుపురం కుర్రోడు: షాపు ఎక్కడో చెప్పకండి. ఇంకో పదిమంది వెళ్తారు.

నాగావళి: మాస్టారూ, అదే సెక్షన్‌లో మోసపు ఉద్దేశంతో వాడితేనే అని కూడా ఉంది. ఆవిడ ఎవర్ని మోసం చేసింది? ఆవిడ పేరు సత్యవతే కదా!

పర్లాకిమిడి మాస్టారు: పేరు నిజమే, కార్డు నిజం కాదు. పేరు దిద్దుకోడానికి ఆధార్ కేంద్రం ఉంది. రెండుసార్లు మార్చుకోనిస్తారు.

నాగావళి: నాలుగుసార్లు వెళ్లాం. రుజువు తెమ్మన్నారు. ఓటరు కార్డు చూపిస్తే అందులోనూ 'బ'యే. అమ్మ బడికి వెళ్లలేదు, టీసీ ఎక్కణ్నుంచి తేను?

సిరోంచ సీను: మాకు మరాఠీలో ఇంటిపేరు చివరికి పోతుంది. ముందుంటే ఒక మనిషి, వెనకుంటే ఇంకో మనిషి అంటారు.

పర్లాకిమిడి మాస్టారు: అందరూ కష్టాలే చెబుతున్నారు. మెరిట్ లిస్టులో మా అమ్మాయి పైనున్నవాడు దొంగ నివాస పత్రంతో ఉద్యోగంలో చేరాడు. అది తేలేసరికి మా అమ్మాయికి వయసు దాటిపోయింది. ఆ పత్రం కొన్నవాడిది కూడా చిన్న తప్పేనా?

నాగావళి: వాడు చేసినదానికి మా అమ్మ జైలుకెళ్లాలా? మీకసలు ఎవరి మీద కోపం?

పర్లాకిమిడి మాస్టారు: చెబుతాను వినండి. ఒక తెలుగావిడ దొంగ కార్డుతో దొరికిందంటే, రేపు నా కార్డు కూడా తిరగేసి మరగేసి చూస్తారు. 'ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు' అని అడుగుతారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరే ఇటు వచ్చింది. మేం ఎక్కణ్నుంచీ రాలేదు. ఇన్నేళ్లూ ఒక్క కాగితంలో తప్పు లేకుండా బతికాను.

నాగావళి: మేమూ రాలేదు మాస్టారూ. తప్పు రాసింది వాళ్లు. దిద్దమని తిరుగుతున్నది మేము. మీరేమో వాళ్ల తరఫునే మాట్లాడుతున్నారు.

సిరోంచ సీను: ముందు మంచి లాయర్ని కలవండి అక్కా. షాపు సంగతి మీరే పోలీసులకి చెప్పేయండి.

పర్లాకిమిడి మాస్టారు: ఆ కార్డు ఇంకా ఇంట్లో ఉందా? మళ్లీ వాడే ఉద్దేశంతో దాచినా 339 కింద నేరమే.

నాగావళి: షాపుకి తాళం పడింది. కార్డు అమ్మ బీరువాలో చీరల కింద పెట్టుకుంది. ఇచ్చెయ్యమ్మా అంటే వినట్లేదు. దీనిమీదే నా పేరు సరిగ్గా ఉందంటోంది.