‘ఇక్కడ లేని మనోళ్ళకి’: కూలీ హై సినిమాలో ఒక డైలాగు

కూలీ హై (1975) అనే అమెరికన్ సినిమాలో కుర్రాళ్ళు మందు తాగుతూ నేల మీద కొంచెం ఒంపి, ‘దిస్ ఈజ్ ఫర్ ద బ్రదర్స్ హూ ఎయింట్ హియర్’ అంటారే, దాన్ని తెలుగులో ఎలా చెప్పాలి అన్నది కదా ప్రశ్న. ఒకరు దీన్ని ‘మరణించిన సోదరులకు తర్పణం’ అని అనువదించారు. ఏమనుకోకండి గానీ, అలా రాస్తే సినిమా చెడిపోతుంది.

కథ 1964 నాటి షికాగోలో, కాబ్రిని-గ్రీన్ అనే ప్రభుత్వ ఇళ్ళ చుట్టుపక్కల నడుస్తుంది. రాసిన ఎరిక్ మాంటీ అక్కడే పెరిగినవాడు, ఆ బడిలోనే చదివినవాడు (కూలీ అనేది బడి పేరు). దర్శకుడు మైకేల్ షుల్ట్జ్. కథానాయకుడు ప్రీచ్‌కి కవిత్వం పిచ్చి, వాడి ప్రాణ స్నేహితుడు కోచీస్‌కి బాస్కెట్‌బాల్ మీద కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుంది. చాలాసేపు అంతా అల్లరే, బడి ఎగ్గొట్టడం, పార్టీలు, వెనక మోటౌన్ (నల్లవారి సంగీతానికి పేరుపడ్డ రికార్డు కంపెనీ) పాటలు. ఆ నేల మీద ఒంపడం కూడా మొదట ఆ అల్లరిలో కలిసిపోయి వస్తుంది, మనం పెద్దగా పట్టించుకోం కూడా.

తర్వాత దొంగ కారు వ్యవహారంలో వీళ్ళిద్దరినీ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళనీ పోలీసులు పట్టుకుంటారు. మాస్టారు మాట్లాడి ప్రీచ్‌నీ కోచీస్‌నీ విడిపిస్తారు, లోపలే ఉండిపోయిన ఇద్దరు మాత్రం వీళ్ళే తమని పట్టించారనుకుని పగబట్టి కోచీస్‌ని కొట్టి చంపేస్తారు. ఖననం అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, ప్రీచ్ ఒక్కడే సమాధి దగ్గరికొచ్చి కవిత చదువుతాడు, మందు ఒంపుతాడు. ఆ క్షణంలో పాత మాట గుర్తొచ్చి గుండె పట్టేస్తుంది. కాబట్టి మనం పెట్టే తెలుగు మాట మొదట సరదాగానూ చివర అంత బరువుగానూ, రెండు చోట్లా పనికిరావాలి. మొదటిసారే ‘మరణించిన’ అనేస్తే చివరికి ఏం మిగిలింది? పైగా ఆ ‘లేనివాళ్ళ’లో పోయినవాళ్ళే కాదు, జైల్లో ఉన్నవాళ్ళు, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు, అందరూ వస్తారు.

మన ‘లేరు’లో ఆ రెండర్థాలూ ఎప్పటినుంచో ఉన్నాయి. ‘నాన్నగారు లేరు’ అంటే బజారుకెళ్ళారో, పోయారో చెప్పే తీరుని బట్టే తెలుస్తుంది. అందుకే ‘ఇది ఇక్కడ లేని మనోళ్ళకి’ చాలు. ‘ఇక్కడ’ తీసేయకూడదు, ఉత్త ‘లేనోళ్ళు’ అంటే బీదవాళ్ళయిపోతారు. ‘సోదరులు’ వేదిక మీద మాట, వీధి చివర నిలబడ్డ పిల్లలు అలా అనరు.

తర్పణం అంటే నువ్వులూ నీళ్ళూ, గోత్రం, మంత్రం. ఇక్కడ సీసా ఉంది, స్నేహం ఉంది. ఘనాలో అకాన్ ప్రజలు పెద్దల్ని పేరు పెట్టి పిలిచి నేల మీద మద్యం పోస్తారు, అమెరికా నల్లవారి ఈ అలవాటుకి మూలం పశ్చిమ ఆఫ్రికా ఆచారాల్లోనే చూస్తారు. మన దగ్గర దీనికి దగ్గరిది తెలంగాణలో పిట్టకు పెట్టడం (పోయినవాళ్ళ పేరిట కాకులకి తిండి పెట్టడం) అని నాకనిపిస్తుంది, పోయినాయనకి ఇష్టమైన కూరతో పాటు కల్లో మందో కూడా పెడతారు. అమ్మవారికి పోసే కల్లు సాక ఇంకో దారి, అది దేవతకి. అయినా డైలాగులో ఇవేవీ ఇరికించనక్కర్లేదు, వాళ్ళు కూడా ఆ పనికి పేరేం పెట్టలేదు, చేతి పని కళ్ళకి కనిపిస్తూనే ఉంది.

తాగేముందు వేలు ముంచి నాలుగు చుక్కలు చల్లడం మన ఊళ్ళల్లో కూడా ఉంది కదా, దానికి మీ వైపు మాటేదైనా ఉంటే కింద రాయండి, రాయలసీమ, ఉత్తరాంధ్ర వాళ్ళు ముఖ్యంగా.