తిరిగి వెళ్లినవాళ్ల పేరు నిర్వాసితుల జాబితాలోంచి కొట్టేయాలా?

కందుకూరు మాస్టారు:

మణిపూర్‌లో 2023 మే 3న గొడవలు మొదలయ్యాయి. ఇళ్లు వదిలి శిబిరాలకో, చుట్టాల ఇళ్లకో చేరినవాళ్లు దాదాపు 60 వేల మంది. 2025 జులైలో అక్కడి ప్రధాన కార్యదర్శి మూడు దశల్లో, డిసెంబరుకల్లా శిబిరాలన్నీ మూసేస్తామని ప్రకటించారు. ఊరికి పోగలిగినవాళ్లను ఊరికి పంపుతామన్నారు, పోలేనివాళ్లకు తాత్కాలిక ఇళ్లు ఇస్తామన్నారు. తప్పెవరిది అనే గొడవ ఇక్కడ వద్దు, దానికి వేరే చర్చలు బోలెడున్నాయి. నేనడిగేది లెక్క సంగతి. ఊరికి వెళ్లిపోయిన మనిషి పేరు నిర్వాసితుల జాబితాలో ఉంచాలా, కొట్టేయాలా?

కొట్టేయాలనే నేనంటాను. జాబితా పెట్టుకునేది సాయం కోసం. అవసరం ఉన్నవాడు అందులో ఉండాలి, తీరినవాడు బయటికి రావాలి. 1990లో కశ్మీర్ లోయ వదిలిన కుటుంబాలు ఇవాళ్టికీ జమ్మూలో రిలీఫ్ కమిషనర్ రిజిస్టర్లో వలసదారులుగానే ఉన్నాయి. తర్వాత పుట్టిన పిల్లలకూ అదే ముద్ర. ముప్పై ఐదేళ్లయినా ముగియని జాబితా చూస్తే ఏ ప్రభుత్వానికి మాత్రం పని చేయాలనిపిస్తుంది?

(రిజిస్టర్ల మహిమ మా కందుకూరోళ్లకు బాగా తెలుసు లెండి. 2022లో మమ్మల్ని ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు ఎవరూ ఇల్లు కదల్లేదు, జిల్లా మాత్రం మారింది.)

ఒంగోలు గిత్త:

మాస్టారి మాటే నాది. తుపాను వచ్చిన ప్రతిసారీ చూస్తానే ఉన్నాం. పునరావాస కేంద్రంలో రాత్రి పడుకున్నది వంద మందయితే, తెల్లారి బియ్యం, డబ్బులు పంచే టైముకు రెండొందల మంది లైన్లో ఉంటారు. జాబితా తలుపు తీసిపెడితే పేర్లు పెరుగుతాయే గానీ తగ్గవు.

లెక్కలక్క:

గిత్త గారూ, లైన్లో నిలబడేవాళ్ల సంగతి తర్వాత. ముందు "తిరిగి వెళ్లారు" అని రాసేదెవరో, ఏం చూసి రాస్తారో తెలుసుకుందాం. నేను ఇరాక్‌లో, ఎర్బిల్‌లో, ఒక సహాయ సంస్థకు కొంతకాలం డేటా పని చేశాను. ఇప్పుడు ఒంగోల్లోనే ఉంటున్నాను.

అక్కడ 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి పోయింది. ఆగస్టులో సింజార్ పోయింది. 2017 డిసెంబరులో యుద్ధం ముగిసిందని ప్రకటించేసరికి ఇళ్లు వదిలినవాళ్లు దాదాపు 60 లక్షలు. వీళ్ల రాకపోకలను ఐక్యరాజ్యసమితి వలస సంస్థ ఐఓఎం విడతలవారీగా లెక్క కడుతూ వచ్చింది. ఇంటింటికీ తిరిగి కాదు. ప్రతి ఊరికీ, పేటకీ వాళ్లకు తెలిసిన మనుషులు కొందరుంటారు. ఎక్కువగా ముఖ్తార్, అంటే మన పాతకాలపు మునసబు లాంటివాడు. ఇన్ని కుటుంబాలు పోయాయి, ఇన్ని వచ్చాయి అని ఆయన చెప్తాడు. కుటుంబానికి ఆరుగురు చొప్పున గుణించి మనుషుల సంఖ్య వేస్తారు. 2023 నాటికి ఆ లెక్కలో తిరిగొచ్చినవాళ్లు 48 లక్షలకు పైనే, ఇంకా బయటే ఉన్నవాళ్లు 11 లక్షల పైచిలుకు.

మెలికంతా నిర్వచనంలో ఉంది. 2014 జనవరి తర్వాత పోయిన కుటుంబం తన సొంత ఊరి పరిధిలోకి వస్తే చాలు, తిరిగొచ్చినట్టే. సొంత ఇంట్లో ఉందా, ఇంకొకరి కొట్టంలో తలదాచుకుందా అన్నది అడ్డం కాదు. క్షేమంగా, గౌరవంగా వచ్చారా లేదా అన్నదానికీ ఈ అంకెకీ సంబంధం లేదని ఐఓఎం నివేదికల్లోనే రాసుకున్నారు. ఊళ్లకు వచ్చినవాళ్లు ఎలా బతుకుతున్నారో చూడటానికి వేరే సూచిక ఉంది. కరెంటు, నీళ్లు, పని, ఇళ్ల మరమ్మతు, భద్రత, ఊళ్లో సఖ్యత లాంటి 16 అంశాలు చూసి ఒక్కో చోటికి మార్కులు వేస్తారు. లెక్క కట్టినవాళ్లు దాచిందేమీ లేదు. కింద రాసింది చదవకుండా పైన అంకె ఎత్తుకుపోయేవాళ్లతోనే తంటా అంతా.

ఒక ఫోను సంగతి చెప్తా. సింజార్ వైపు ఒక ముఖ్తార్‌తో మా సహోద్యోగి మాట్లాడుతుంటే నేను పక్కన కూర్చుని గడులు నింపుతున్నా. నలభై కుటుంబాలు వచ్చాయన్నాడు. అంతకుముందు విడతలోనూ నలభయ్యే. ఆమెకు అనుమానం వచ్చి, "రాత్రిపూట ఎన్ని ఇళ్లలో దీపం వెలుగుతోంది?" అని అడిగింది. ఆయన కాసేపు ఎవరితోనో మాట్లాడి, పన్నెండు అన్నాడు. మిగతావాళ్లు వారంలో రెండు రోజులు వచ్చి, కూలిన గోడ లేపుకుని, గోధుమ చేను చూసుకుని మళ్లీ కుర్దిస్తాన్ వైపు దోహుక్ శిబిరానికి పోతారట. పిల్లల బడి అక్కడే, ఆసుపత్రీ అక్కడే.

మాస్టారూ, ఆ ఇరవై ఎనిమిది కుటుంబాలను ఏ గడిలో వేయమంటారు?

కనిగిరి కుర్రోడు:

అక్కా, ఆ ముఖ్తార్ మా ఊళ్లో కూడా ఉన్నాడు. మాది కొట్లాట కాదు, కరువు. ఆ తేడా తెలుసు నాకు, ఎవరూ మీద పడొద్దు. వానల్లేక మా వైపు జనం హైదరాబాదు, బెంగళూరు పోతారు. సర్వేకి వచ్చినాయన తాళం చూసి పక్కింటి అవ్వనడిగితే "ఉండారు నాయనా, చేనికాడికి పోయుంటారు" అంటుంది. లేరంటే పేరు పోతుందని భయం. మా పెద్దమ్మయితే బెంగళూరులో కొడుకు దగ్గరుంటుంది. ఒకటో తారీఖు పింఛనుకి ముందురోజు రాత్రి బస్సెక్కి వస్తుంది. పొద్దున్నే వేలిముద్ర వేసి, పొయ్యి కూడా వెలిగించకుండా, రాత్రి బస్సుకే వెనక్కి. మెషీన్ లెక్కలో ఆమె ఊళ్లోనే ఉంది. ఇక సంక్రాంతికొచ్చి లెక్కపెడితే మా ఊళ్లో వలసన్నదే లేదు!

ఒంగోలు గిత్త:

అందుకే ముఖ్తార్‌నీ నమ్మొద్దు, అవ్వనీ నమ్మొద్దు. ఫోన్ టవర్లున్నాయి కదా? 2010 హైతీ భూకంపం తర్వాత సిమ్ కార్డుల కదలికను బట్టి రాజధాని వదిలిన జనం ఎటెటు పోయారో లెక్కేశారు. 2015 నేపాల్ భూకంపానికీ అదే పద్ధతి వాడారు. ఎవర్నీ అడిగే పన్లేదు, ఎవరూ అబద్ధం చెప్పే పన్లేదు.

లెక్కలక్క:

భూకంపం జనాన్ని వెతుక్కుంటూ రాదండీ. కొట్లాటలో అవతలివాడు వస్తాడు. ఏ కొండ వెనక ఎంతమంది తలదాచుకున్నారో టవర్ల వారీగా తేల్చిన కాగితం ఎవరి చేతిలో పడుతుందో మీరు హామీ ఇస్తారా? పేర్లు లేకుండా ఊరికి ఇన్ని కుటుంబాలు అని మాత్రమే బయటపెట్టడంలో ఉన్న లాభం అదే. తప్పులుంటే ఉంటాయి, ప్రాణం మాత్రం తీయవు.

పైగా ఇంటికి ఒకే ఫోనున్న చోట అది మగాడి జేబులో ఉంటుంది. ఆయన గోడ కట్టుకోడానికి ఊరికి పోతే, మీ టవరు లెక్కలో పెళ్లాం పిల్లలు కూడా ఇల్లు చేరినట్టే. ముఖ్తార్ చెప్పిన అబద్ధాన్నే మెషీనుతో చెప్పించినట్టవుతుంది.

మైపాడు:

గిత్తన్నా, దీనికి జవాబు చెప్పి పో 😄

ఉదయగిరి వాసి:

అందరూ ఇప్పుడు ఎక్కడున్నాడు అనే దాని మీదే కొట్టుకుంటున్నారు. నేను ఇంకోవైపు నుంచి వస్తా.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి అప్పటికే చాలామంది అక్కడ ఉన్నారు. మా నాయన ఒక షేకు ఇంట్లో డ్రైవరు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాలు, అక్కణ్నుంచి అమ్మాన్. ఆ కొన్ని వారాల్లో విమానాలు, ఎక్కువగా ఎయిరిండియావే, లక్ష మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చాయి. నాయన చేతి సంచితో దిగాడు. జీతం, సామాను అక్కడే పోయాయి. యుద్ధం అయిపోయినాక మళ్లీ కువైటుకే పోయాడు. ఇక్కడ ఏముంది గనక?

ఇప్పుడు మాస్టారి రూలు పెట్టండి. నాయన ఉదయగిరిలో దిగిన రోజున సొంత ఊరికి చేరాడు, ఒక కొట్టివేత. కువైటుకు పోయిన రోజున పని దగ్గరికి చేరాడు, ఇంకో కొట్టివేత. మధ్యలో పోగొట్టుకున్నది ఏ లెక్కలోనూ లేదు.

ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ అలా చేయలేదు. 1990 ఆగస్టు 2కీ 1991 మార్చి 2కీ మధ్య ఇరాక్, కువైట్ వదిలి రావాల్సి వచ్చినవాళ్లకు ఒక నిర్ణీత మొత్తం పెట్టింది. మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. వేరే రకం క్లెయిములేవీ వేయనంటే 4,000, 8,000. ఇరాక్ చమురు అమ్మిన డబ్బులోంచి ఇచ్చారు. ఇప్పుడెక్కడున్నావు, మళ్లీ కువైటుకు పోయావా, ఉదయగిరిలో హాయిగా ఉన్నావా అన్న ప్రశ్నే లేదు. ఆ తేదీల మధ్య వదిలిపెట్టి వచ్చావా? అంతే. ఆ ఒక్కటి రుజువు చేసుకుంటే చాలు.

కాబట్టి నా మాట ఇది. పుస్తకాలు రెండు ఉండాలి. ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో రాసేది ఒకటి. అది రోజూ మారనీండి, ముఖ్తార్‌నే రాయమనండి, తప్పొప్పులు తర్వాత సర్దుకోవచ్చు. ఎవరు వదిలి పోవాల్సి వచ్చింది, ఏం పోయింది అనేది రెండోది. అందులో పేరు ఊరికి పోయినందుకు కొట్టకూడదు, పోయింది చేతికొచ్చాకే కొట్టాలి. రెండూ ఒకే పుస్తకంలో రాస్తున్నారు కాబట్టే జనం అబద్ధం చెప్తున్నారు. కనిగిరి తమ్ముడి ఊళ్లో అవ్వ అబద్ధం చెప్పేది అందుకే కదా?

మైపాడు:

నాయనకు డబ్బులొచ్చాయా అన్నా?

ఉదయగిరి వాసి:

వచ్చాయి, కానీ ఏళ్లు పట్టింది. వాయిదాల్లో వచ్చాయి. మా ఇంటి స్లాబు ఆ డబ్బే.

కందుకూరు మాస్టారు:

ఉదయగిరి వాసి మంచి ఉదాహరణ తెచ్చారు. అయినా నా మాట నేను వదల్ను. పేరు తీయడానికి ఊరికి తిరిగి పోవడమే దారి అని నేననలేదు. త్రిపురలో బ్రూ గిరిజనుల సంగతి చూడండి. 1997లో మిజోరం వదిలి ఉత్తర త్రిపుర శిబిరాలకు వచ్చారు. వెనక్కి పంపాలని చాలాసార్లు ప్రయత్నించారు. కొందరు పోయారు, ఎక్కువమంది పోలేదు. చివరికి 2020 జనవరిలో ఒప్పందం కుదిరి, దాదాపు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరచాలని నిర్ణయించారు. 600 కోట్ల ప్యాకేజీ. కుటుంబానికి 40 అడుగులకు 30 అడుగుల స్థలం, ఇల్లు కట్టుకోడానికి లక్షన్నర, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్. ఇరవై మూడేళ్లు నానిన జాబితా అది. ఎవరో ఒకరు కూర్చుని తేలుద్దాం అనుకున్నాకే కదా తేలింది?

లెక్కలక్క:

మాస్టారూ, మీరు చెప్పింది ఉదయగిరి ఆయన వాదానికే బలం. బ్రూల పేర్లు తీయగలిగింది స్థలం, డబ్బు చేతిలో పెట్టాకే. అంతకుముందు, 2019 అక్టోబరులో, శిబిరాల్లో రేషన్ ఆపేసి చూశారు. జనం రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు గానీ ఎక్కువమంది మిజోరం బస్సెక్కలేదు. తిండి ఆపి జాబితా చిన్నది చేయబోతే ఏమవుతుందో మనకు ఆ ఒక్క నెలే చెప్పింది.

అంతర్జాతీయంగా కూడా 2010 నుంచి ఒక చట్రం ఉంది. సొంత ఊరికి పోవడం, ఉన్నచోటే కలిసిపోవడం, మూడోచోట స్థిరపడటం, మూడూ సమానమే. భద్రత, బతుకుతెరువు, ఇల్లు పొలం తిరిగి దక్కడం లేదా పరిహారం, పోయిన కాగితాలు, విడిపోయిన కుటుంబం కలవడం, ఇలాంటివి చూసి, ఊరు వదలడం వల్ల వచ్చిన ఇబ్బంది తీరిందా లేదా అని తేల్చాలంటుంది. మన దేశంలో అంతర్గత నిర్వాసితుల కోసం ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా రాసుకుంటోంది.

ఒంగోలు గిత్త:

సరే, రెండో పుస్తకం పెట్టండి. చివరి తేదీ మాత్రం రాయండి. తేదీ లేని పథకానికి బడ్జెట్ ఎవడిస్తాడు? టవర్ల సంగతిలో అక్క మాటకు జవాబు నా దగ్గర లేదు, వదిలేస్తున్నా. ఇది మాత్రం వదల్ను.

లెక్కలక్క:

ఇరాక్ ప్రభుత్వం రాసింది కదా. 2024 జులై 30కల్లా శిబిరాలన్నీ మూసేస్తామన్నారు. ఆ తేదీ పోయాక కూడా కుర్దిస్తాన్ శిబిరాల్లో జనం ఉన్నారు. సింజార్‌లో ఇల్లు నిలబడలేదు, నీళ్లు లేవు, ఏ తుపాకీ ఎవరిదో తెలియదు. తేదీ చూసి పోయేదెవరు?

ఉదయగిరి వాసి:

గిత్త అడిగినదాంట్లో సగం న్యాయం ఉంది. కువైట్ క్లెయిములు వేయడానికి తేదీ పెట్టారు, అది దాటితే తీసుకోమన్నారు. కానీ బాకీ తీరడానికి తేదీ పెట్టలేదు. మా నాయన లాంటోళ్ల చిన్న క్లెయిములు ముందే తీర్చేశారు. పెద్దవి అలా నడుస్తా నడుస్తా, ఇరాక్ ఆఖరి వాయిదా కట్టింది 2022 జనవరిలో. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ముప్పై ఏళ్లు పట్టినా బాకీ తీరేదాకా పుస్తకం మూయలేదు. పేరు రాయించుకోడానికి గడువు పెట్టండి, మాకూ ఇష్టమే. దొంగ పేర్లు అక్కడే ఆగిపోతాయి.

కందుకూరు మాస్టారు:

పేరు రాయించడానికి గడువు, తీర్చడానికి గడువు లేదు. ఇది నాకూ నచ్చింది. కానీ కువైట్ విషయంలో తప్పు చేసిన దేశం ఒకటుంది, దానికి చమురుంది, భద్రతా మండలి తీర్మానం ఉంది. మణిపూర్‌లో ఇళ్లు తగలబెట్టుకున్నవాళ్లు ఇరువైపులా ఉన్నారు, కట్టేవాడు ఎవడో తేలలేదు. రాష్ట్రమా, కేంద్రమా? దోషి తేలేదాకా ఆగాలా, ముందు ఖజానాలోంచి ఇచ్చి తర్వాత వసూలు చేసుకోవాలా? ఉదయగిరి వాసీ, మీ రెండో పుస్తకానికి డబ్బు కట్టేదెవరో చెప్పండి, అప్పుడు నా ఓటు మీకే.

ఒంగోలు గిత్త:

నేను మొదట్నుంచీ మొత్తుకుంటుంది అదే మాస్టారూ.