యోహాను 19:30 ‘తెతెలెస్తై’: అప్పు రసీదు మాటేనా?

ప్రశ్న
అందరికీ వందనాలు. గుడ్ ఫ్రైడేకి యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఆరోది, ‘సమాప్తమైనది’, ప్రసంగించడం నా వంతు వచ్చింది. గ్రీకులో అది తెతెలెస్తై. ఆ రోజుల్లో అప్పు తీరిన రసీదుల మీద ఇదే మాట రాసేవారని ప్రసంగాల్లో వింటుంటాం. చెప్పొచ్చా?

జవాబు
రసీదు సంగతి వదిలేయండి బ్రదర్. ఈజిప్టులోని ఫయూమ్‌లో దొరికిన సుంకం చీటీల మొదట్లో ‘తెతెల్’ అని కుదించి ఉంటుంది. సరుకుతో గేటు దాటే గాడిదలకీ ఒంటెలకీ ఇచ్చినవి అవి. దాన్ని కొందరు తెతెలెస్తై అని పూరించి చదివారు. ఇప్పుడు పపైరస్ (నాటి జమ్ము కాగితం) పత్రాల పండితులు చదివేది తెతెలోనేతై అని. సుంకం కట్టడానికి వాడే తెలోనెఓ అనే వేరే క్రియ అది. మన బైబిల్లో ‘సుంకరి’ అన్నచోట గ్రీకులో ఉండే తెలోనేస్ కూడా ఆ కుదురుదే. పైగా అవి అప్పు పత్రాలే కావు.

ఇంకో జవాబు
ఒప్పుకుంటాను, అలాగని తెతెలెస్తైకి మూలమైన తెలెఓ క్రియకి ‘చెల్లించు’ అనే అర్థమే లేదనకండి. మత్తయి 17:24, రోమా 13:6 చూడండి. అయితే కట్టేది ఏమిటో ఆ రెండు చోట్లా పక్కనే ఉంది: దిద్రక్మ (ఆలయ పన్ను), పన్ను. యోహాను 19:30లో అలాంటిదేమీ లేదు. రెండు వచనాలు పైకి వెళ్తే 19:28లో ఇదే రూపం, అక్షరం మారకుండా ఉంది: ‘సమస్తమును అప్పటికి సమాప్తమైనదని’. ముగిసిందేమిటో అక్కడే తేలిపోయింది. అదే వచనంలో ‘లేఖనము నెరవేరునట్లు’ అన్నచోట ఉన్నది తెలెయోథే, దీనికి దగ్గర చుట్టం. 17:4లో ‘నీవు నాకిచ్చిన పని’ నెరవేర్చానన్నదీ ఆ చుట్టమే. 17:4, 19:28, 19:30 వరసగా చదివించండి, రసీదు అవసరమే రాదు.

ప్రశ్న అడిగినవారు
మరి తెతెలెస్తై పర్ఫెక్ట్ కాలం (పని అప్పటికే పూర్తయి ఉందని చెప్పే గ్రీకు క్రియారూపం) కదా, ‘ఫలితం నిత్యం నిలుస్తుంది’ అనొచ్చా?

జవాబు
రూపం విడదీస్తే తె-తెలె-స్-తై. మొదటి ‘తె’ హల్లు రెట్టింపు వల్ల వచ్చింది, చివరి ‘తై’ ప్రథమ పురుష ఏకవచనం, కర్మణి. మాట్లాడే వేళకి పని పూర్తయి ఉంది, అంతవరకే ఈ కాలం చెబుతుంది. నిత్యత్వం అందులో లేదు. 2 తిమోతి 4:7లో పౌలు తన పరుగు ముగించానన్నదీ ఇదే క్రియ, ఇదే కాలం: తెతెలెక. ‘నిత్యం’ అని చెప్పాలనుకుంటే హెబ్రీ 10:14 తీసుకోండి. ‘సదాకాలమునకు’ అనే మాట అక్కడ క్రియకు తోడుగా విడిగానే ఉంది.