అనంతపురం మెట్ట ఊరికి ప్రణాళిక వేస్తున్నాం, మీ అనుభవాలు చెప్పండి

పెన్న_ఒడ్డు: మా పంచాయతీ ప్రణాళికలో ఈసారి నీటి పనులే ముందు పెడుతున్నాం. చెరువు పూడిక, శెనక్కాయ బదులు వేరే పంట, గొర్రెలకు మేత బీడు... వీటిలో మీ ఊళ్లలో ఏది నిలిచింది? వాన ఒక్కరోజే కుమ్మేసి నెలంతా మొహం చాటేస్తోంది.

చీనీ_తోట: ముందు బోర్లు ఆపండి. పక్క చేనాయన వెయ్యి అడుగులు దించాడు, మా బోరు ఎండింది, కాపు మీదున్న చెట్లు కొట్టేశాం. నీళ్లు, నేల, చెట్లు కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, మా ఊళ్లో అడిగినోడు లేడు.

ఎర్రనేల: ఫారం పాండ్, అదే చేలో వాన నీటి గుంట, తవ్వించండి. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు లోతు, అంటే రెండు లక్షల లీటర్లు. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు ఒక్క తడి ఇచ్చాను, పక్క చేలు వాడినా నాకు కాయ నిలిచింది.

వాటర్‌షెడ్_పాతకాపు: రెండు లక్షలు ఎక్కడివి? గోడలకు వాలు తీస్తే బాగా తగ్గుతుంది, ఎర్రనేలలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది వేరే. నేను ఏళ్ల తరబడి ఈ పనులే చేయించాను.

చీనీ_తోట: కొందరు పాండ్‌లో పట్ట పరిచి బోరు నీళ్లు నింపుతున్నారు. భూమిలోది తోడి ఎండకు పెట్టడం కాదా అది?

ఎర్రనేల: నన్నేనా అనేది? నాది వాన నీళ్లే, వచ్చి చూడండి. చెట్లు పోయిన కోపం నా మీద చూపించకండి.

వాటర్‌షెడ్_పాతకాపు: కొట్లాట ఆపండయ్యా. 25 మిల్లీమీటర్ల వానంటే ఎకరానికి లక్ష లీటర్లు. వాలుకు అడ్డంగా గట్లేసి చేలోనే ఇంకించాలి, పాండ్ ఆ తర్వాత. మహారాష్ట్రలో హివరే బజార్ ఏటా వాన కొలిచి, దాన్నిబట్టి ఏ పంట వేయాలో ఊరంతా కూర్చుని తేలుస్తుంది. సాగుకు బోర్లు వద్దని కట్టుబాటు పెట్టుకున్నారు.

రాయదుర్గం: ఆ కట్టుబాటు ఇక్కడ ఎవరు వింటారన్నా? అప్పు చేసి బోరేసినోడికి చెప్పి చూడు. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసే నీళ్లతో చెరువులు నింపమని అడగండి.

చీనీ_తోట: మాది కాలువకు ఎగువన ఉంది. మాకెట్లా ఎక్కుతాయి?

కొర్ర_సుశీల: అందరూ నీళ్ల మీదే పడ్డారు, పంట సంగతి ఆయన అడగలేదా? మేం కొర్ర, కంది కలిపి వేశాం, శెనక్కాయ పోయిన ఏడు కూడా తిండిగింజలు, పశువులకు మేత దక్కాయి. కానీ కొర్ర పొట్టు తీసే మిల్లు దగ్గర్లో లేదు, గింజలుగా అమ్మితే దళారి చెప్పిందే ధర. అన్నా, మీ ప్రణాళికలో మిల్లు రాయండి.

పెన్న_ఒడ్డు: రాస్తాను అక్కా. మీరు వాడుతున్న మిల్లు ఎక్కడుంది, కరెంటు త్రీఫేజ్ కావాలా? మేత బీడు గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.