గుంటూరు పాత కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్లు చూడాలి (1926–47): ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_పరిశోధకుడు:
అందరికీ నమస్కారం. 1926 నుంచి 1947 దాకా గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఏ తాలూకాల పిల్లలు చదివారు, వాళ్ళ ఇళ్ళల్లో ఏ వృత్తులు ఉండేవి అన్నది నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం. విజయవాడ నుంచి వెళ్ళి రావాలి, మహా అయితే అయిదు రోజులు దొరుకుతాయి. ఉత్తరం ఎవరికి రాయాలి? లోపలికి వెళ్ళాక ఏ పుస్తకాలు అడగాలి? ఫోనుతో ఫొటోలు తీస్తే సరిపోతుందా? ఇలాంటి పని తెలిసినవాళ్ళు చెప్పండి.

అరండల్‌పేట_చదువరి:
బీరువా దగ్గరికి వెళ్ళే ముందు, మీరు చూడబోయే ఏళ్ళలో కాలేజీ ఎవరి అజమాయిషీలో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. దస్త్రాలు వాటి పైఅధికారుల వెంట పోతాయి. లూథరన్ మిషన్ ఈ కాలేజీని 1885లో మొదలుపెట్టింది, 1926లో డిగ్రీ స్థాయికి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ ఏడే, మొదట దాని కార్యస్థానం బెజవాడ, 1930లో వాల్తేరు వెళ్ళింది. కాబట్టి మీ 21 ఏళ్ళూ దాదాపుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందివే. అంతకు ముందు మద్రాసు విశ్వవిద్యాలయం కాబట్టి మొదటి ఒకటి రెండేళ్ళకు రెండింటి క్యాలెండర్లూ (విశ్వవిద్యాలయం తన వివరాలతో అచ్చువేసే పుస్తకాలు) పక్కపక్కన పెట్టుకుని చూడండి. నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది 1976లో. మీ కాలపు కాగితాలు అక్కడ వెతికితే రోజు దండగ.

ఇంకో సంగతి. కొత్తవాళ్ళు నేరుగా లైబ్రరీకి వెళ్ళి పాత రికార్డులు ఉన్నాయా అని అడుగుతారు, లేవని జవాబు వస్తుంది. నిజమే, అడ్మిషన్ రిజిస్టర్లు లైబ్రరీలో ఉండవు. పుట్టిన తేదీ ధ్రువీకరణకూ డూప్లికేట్ టి.సి.కీ ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు కాబట్టి ఏ కాలేజీలోనైనా అవి ఆఫీసులో, సూపరింటెండెంటు తాళంలో ఉంటాయి. హాజరు పట్టీలు, ఫీజు రసీదు పుస్తకాలు గడువు దాటాక తీసేయడం మామూలే, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. లైబ్రేరియన్‌ను అడగాల్సినవి కాలేజీ మ్యాగజైన్లు, వార్షిక నివేదికలు, విశ్వవిద్యాలయ క్యాలెండర్లు, పుస్తకాల యాక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల నమోదు). ఆఫీసులో అడగాల్సినవి అడ్మిషన్ రిజిస్టరు, టి.సి. కౌంటర్‌ఫాయిళ్ళు (టి.సి. చించి ఇచ్చాక ఆఫీసులో మిగిలే సగాలు), స్కాలర్‌షిప్పుల రిజిస్టరు, హాస్టల్ రిజిస్టరు. పాలకవర్గం మినిట్స్ పుస్తకం చూపించడానికి ఎక్కువచోట్ల జంకుతారు. మొదటి ఉత్తరంలోనే దాన్ని అడిగితే మిగతావాటికీ అడ్డం పడవచ్చు, నాలుగో రోజుకి వాయిదా వేయండి.

పాత_కట్టలు:
ఉత్తరం ప్రిన్సిపాల్ పేర ఒక్క పేజీ, మీ గైడు సంతకంతో, శాఖాధిపతి ద్వారా. అందులో ఏ రిజిస్టర్లు, ఏ సంవత్సరాలవి, ఎన్ని రోజులు, ఫొటో తీస్తారా రాసుకుంటారా అన్నది విడివిడిగా రాయండి. ‘పాత రికార్డులన్నీ చూడాలి’ అని రాస్తే ఏం ఇవ్వాలో వాళ్ళకూ తెలియక ఫైలు ఆగిపోతుంది. విద్యార్థుల పేర్లు ప్రచురించను, లెక్కలు మాత్రమే వాడతాను అన్న హామీ వాక్యం తప్పకుండా ఉండాలి. కులం, తండ్రి వృత్తి ఉన్న పుస్తకం అది. ఆ పేర్లున్న కుటుంబాలు ఇప్పటికీ ఆ ఊళ్ళలోనే ఉంటాయి. పిహెచ్‌డీ రిజిస్ట్రేషన్ నకలు, గుర్తింపు కార్డు నకలు జతచేయండి.

పంపి వారం ఆగి, స్వయంగా వెళ్ళి ఇన్‌వార్డ్ నంబరు (మీ ఉత్తరం ఆఫీసులో నమోదైన సంఖ్య) అడిగి రాసుకోండి. ఆ తర్వాత ఏ బల్ల దగ్గర అడిగినా మాట ఆ నంబరుతోనే మొదలవుతుంది.

కాలం ఎంచుకోవడంలో పొరపడకండి. జూన్, జూలైలలో అడ్మిషన్లు, మార్చి, ఏప్రిల్‌లలో పరీక్షలు. మిషన్ కాలేజీ కాబట్టి డిసెంబరు చివరి వారం కూడా వద్దు. కాలేజీ నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే నాక్ బృందం ఆ నెలలో వస్తుంటే ఆఫీసు మొత్తం దాని మీదే ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు, నవంబరు అనువైనవి. మొదటి రోజు ఏమీ రాయకుండా ఏమేం ఉన్నాయో పట్టీ వేసుకోవడానికే ఉంచండి: పుస్తకం వెన్ను మీది పేరు, మొదటి నమోదు తేదీ, చివరి నమోదు తేదీ, పేజీల సంఖ్య, ఏ సంవత్సరం లేదు. మధ్యలో ఒక ఏడాది పుస్తకం లేకపోతే ఆ సంగతి అధ్యాయంలో రాయాల్సిందే, చదివేవాళ్ళు మొదట అడిగేది అదే.

తాలూకా_లెక్కలు:
మీ ప్రశ్నలో అసలు చిక్కు ఊళ్ళ పేర్లలో ఉంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. ఆ తర్వాత 1970 వరకు ఒంగోలు కూడా ఇందులోనే ఉంది. కాబట్టి 1935 నమోదులో ‘గుంటూరు జిల్లా’ అన్న కుర్రాడిది ఇప్పటి ప్రకాశం జిల్లా ఊరు కావచ్చు. ఇక 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిపోయాయి. నమోదులో ఉన్న ఊరూ తాలూకా ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో, ఇప్పటి జిల్లా వేరే కాలమ్‌లో వేయండి. మొదటి కాలమ్‌ను దిద్దకండి. అక్షరాలు కూడా వింతగా ఉంటాయి: బెజవాడ ఊరి పేరుకూ కృష్ణా జిల్లా పేరుకూ పాత దొరల స్పెల్లింగ్, ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం.

వృత్తి కాలమ్ దగ్గర తొందరపడకండి. ‘రైతు’ అన్న ఒక్క మాటలో రెండెకరాల సాగుదారూ ఉంటాడు, వంద ఎకరాల భూస్వామీ ఉంటాడు. ‘మిరాసీదారు’, ‘కరణం’, ‘మునసబు’, ‘వకీలు గుమాస్తా’, ‘కాటికిస్టు’ (క్రైస్తవ బోధకుడు) వంటివి వస్తే వాటినీ అలాగే దింపండి. క్రైస్తవ గ్రామాలలో బోధకుడి పనీ బడి పంతులు పనీ ఒకరే చేస్తున్న సందర్భాలుంటాయి కాబట్టి కాటికిస్టును ‘ఉపాధ్యాయుడు’ గంపలో పడేస్తే మీ పట్టికలో ఒక వర్గమే మాయమైపోతుంది. తండ్రి లేని పిల్లల వరుసలో గార్డియన్ పేరు ఉంటుంది, ఆయన వృత్తిని తండ్రిదిగా లెక్కించకండి. దానికి వేరే గుర్తు పెట్టుకోండి.

ఇద్దరిని ఒకరిగా, ఒకరిని ఇద్దరిగా లెక్కించడం ఇంకో ఉచ్చు. ఆ రోజుల్లో ఇంటర్మీడియట్ రెండేళ్ళూ విశ్వవిద్యాలయం కిందే. అది అయ్యాక అదే కాలేజీలో బి.ఎ.లో చేరితే కొత్త వరుస సంఖ్యతో మళ్ళీ నమోదవుతాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడూ కలిస్తేనే ఒకరు అనుకోండి. పుట్టిన తేదీలు జూన్, జూలైలలో గుంపుగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. బడిలో చేర్చేటప్పుడు పంతులు వేసిన తేదీ కాలేజీ దాకా వచ్చిందన్నమాట. వయసుల మీద సగటు తీయాల్సి వస్తే ఆ మాట ముందే చెప్పేయండి.

కాగితం_మనిషి:
ఫోను చాలు, లెక్క సరిగ్గా వేసుకుంటే. ఫూల్‌స్కేప్ పేజీ ఎత్తు సుమారు 13 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలు కావాలంటే 3,900 చుక్కలు. 12 మెగాపిక్సెల్ ఫోను తీసే ఫొటో పొడవు సుమారు 4,000 చుక్కలు. అంటే ఒక పేజీ ఒక ఫొటోగా తీస్తే సరిపోతుంది. రెండు పేజీలు కలిపి తీస్తే 17 అంగుళాల వెడల్పుకి అవే 4,000, అంగుళానికి 235కి పడిపోతుంది, వెలిసిన సిరా అక్షరాలు అందవు.

కానీ అడ్మిషన్ రిజిస్టరు కాలమ్‌లు ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలో ముగుస్తాయి. విడివిడిగా తీసి ఇంటికెళ్ళి చూస్తే కుడి వరుస ఎవరిదో తెలియదు. అందుకే మూడు తీయాలి: ముందు రెండు పేజీలూ కలిపి ఒకటి, తర్వాత ఎడమ, తర్వాత కుడి. కుడి పేజీ అంచున ప్రతి అయిదో వరుసకు ఒక సంఖ్య పడేలా పెన్సిలుతో రాసిన పల్చటి కాగితపు పట్టీ పెట్టండి. రిజిస్టరు మీద ఏ గీతా గీయకూడదు. పట్టీ ఒక పుస్తకానికి సరిపడేలా ఇంట్లోనే చేసుకుని వెళ్ళండి. ఎదురెదురు పేజీల ఒక్కో జంటకి రెండు నిమిషాలు పడుతుంది. ఒక రిజిస్టరులో 200 జంటలుంటే 400 నిమిషాలు, దాదాపు ఏడు గంటలు. కాలేజీ ఆఫీసు వేళల్లో ఒక రోజుకు ఒక రిజిస్టరు అనుకుని ఎంచుకోండి.

ఫ్లాష్ ఆపేయండి. కిటికీ పక్కన ఎండ నేరుగా పడని బల్ల వెతకండి. మీ నీడ పడకుండా వెలుతురు ఎడమ నుంచి రావాలి. పుస్తకాన్ని బలవంతంగా 180 డిగ్రీలు తెరవకండి. పాత కుట్టు తెగితే మధ్య పేజీలు రాలిపోతాయి. రెండు వైపులా మడిచిన తువ్వాళ్ళు పెట్టి 120 డిగ్రీల దగ్గర ఆపండి. చేతులు కడిగి తడి ఆరాక ముట్టుకోండి. కాగితానికి చేతి తొడుగులు వద్దు, వాటితో అంచు తెలియక పేజీ చిరుగుతుంది. ఫొటోలు ఉన్న ఆల్బమ్‌లకైతే తొడుక్కోండి. చిరిగిన చోట సెల్లోటేపు వేయొద్దు. దాని జిగురు పసుపు మరకగా కాగితంలోకి ఇంకుతుంది, తర్వాత తీయలేరు. ఫొటో సంఖ్యలతో పాటు చిన్న నోటు పుస్తకంలో రిజిస్టరు పేరూ పేజీ సంఖ్యా రాసుకోండి. రాత్రికి రెండు చోట్ల కాపీ చేయకుండా ఫోనులో తుడవకండి.

బెజవాడ_పరిశోధకుడు:
చాలా స్పష్టంగా ఉంది, కృతజ్ఞతలు. రెండు సందేహాలు. కొన్ని పేజీలు అంటుకుపోయి ఉంటే ఏం చేయాలి? కాలేజీలో ఒక ఏడాది రిజిస్టరు దొరక్కపోతే బయట ప్రత్యామ్నాయం ఉందా?

కాగితం_మనిషి:
అంటుకున్న పేజీలను గోరుతో గాని స్కేలుతో గాని విడదీయొద్దు. తడి తగిలి ఎండిన కాగితం అది, పైపొర పక్క పేజీకి అంటుకుని వచ్చేస్తుంది. ఆ పేజీలు వదిలి, సంఖ్యలు రాసి, సంరక్షణ తెలిసినవాళ్ళకు చూపించమని కాలేజీకి చెప్పండి. నల్లటి, ఆకుపచ్చటి పొడి కనిపిస్తే బూజు. ఎన్‌95 మాస్కు పెట్టుకోండి, ఊదకండి, గుడ్డతో తుడవకండి. చెదల మట్టి దారి బీరువా వెనక గోడ నుంచి వస్తుంటే ఆ రోజే సూపరింటెండెంటుకి చెప్పడం మీ బాధ్యత.

అరండల్‌పేట_చదువరి:
ప్రత్యామ్నాయం ఉంది, పేర్లకు కాదు, లెక్కలకు. మద్రాసు ప్రెసిడెన్సీ విద్యాశాఖ ఏటా అచ్చువేసిన ప్రజావిద్యా నివేదికల్లో కాలేజీల విద్యార్థుల సంఖ్యలుంటాయి. ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడ జి.ఓ. నంబరు, తేదీ, శాఖ లేకుండా అడిగితే పని జరగదు, సంవత్సరపు ఇండెక్సు ముందు తిప్పాలి. 1920ల్లో విద్య ‘లా (ఎడ్యుకేషన్)’ శాఖ కింద ఉండేది, ఆ పేరుతో చూడండి. మీ విశ్వవిద్యాలయం ఉత్తరం ఒకటి ఆ ఆర్కైవ్స్‌కి కూడా విడిగా తీసుకోండి.

ఉత్తీర్ణుల పేర్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయ క్యాలెండర్లు. కాలేజీ కార్యక్రమాల వార్తలకు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఉన్నాయి, ముందే అడిగి వెళ్ళండి. తెలుగు పత్రికల మీద తేదీకి బదులు సంవత్సరం పేరు ఉంటే జాగ్రత్త: ‘ప్రభవ’ అంటే 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా. జనవరి, ఫిబ్రవరి సంచికలు అందులో 1928వి. మిషన్ వైపు కాగితాలు చాలావరకు అమెరికాలో ఉన్నాయి, ఇల్లినాయిలోని ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో లూథరన్ చర్చి ఆర్కైవ్స్‌కి ఈమెయిలు రాస్తే సరిపోతుంది. సంవత్సరం, గుంటూరు, విషయం మూడూ స్పష్టంగా రాయండి. వార్షిక నివేదికలు అడగండి. వాటిలో విద్యార్థుల సంఖ్యలు మతాల వారీగా ఉంటే మీ పట్టికకు అవే సరిచూసుకునే కొలత.