సిరోంచ బస్సు మళ్లీ రావాలంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న (పరకాల నుంచి):

మా పుట్టిల్లు మహారాష్ట్రలోని సిరోంచ పక్కన ఒక పల్లె. నన్ను పరకాలలో ఇచ్చారు. చిన్నప్పుడు గోదావరి దాటాలంటే పడవే దిక్కు. 2016 చివర్లో కాళేశ్వరం దగ్గర వంతెన తెరిచాక నది అడ్డం ఉందన్న సంగతే మరిచిపోయాం. తెల్లవారకముందే సిరోంచలో ఎక్కితే ఏనుమాముల మార్కెట్ యార్డు తెరిచే వేళకు వరంగల్‌లో దింపే బస్సు ఒకటి ఉండేది. గడ్చిరోలి మా వాళ్లకు జిల్లా కేంద్రమే అయినా 200 కిలోమీటర్లకు పైన. మిరప అమ్మినా, ఆసుపత్రికి వెళ్లినా మాకు వరంగలే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి మా అన్నయ్య కాయ ఇంకా కల్లంలోనే ఉంది. వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. కాయ రంగు తగ్గి, ధర పడిపోయింది. దానికి ఎవరినీ అనను, అప్పటి పరిస్థితి అది. నా బాధ ఆ తర్వాతది. లారీలు ఎప్పుడో తిరగడం మొదలుపెట్టాయి, ఆ బస్సు మాత్రం రాలేదు.

సరుకుకు ట్రాలీ దొరుకుతుంది. రైతుకే దారి లేదు. నలుగురి బస్తాలు ఒక బండిలో వెళ్తే డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు, మిగతా ముగ్గురూ ఇంట్లోనే. ఏనుమాములలో జెండా పాట (సరుకు వేలం) వేళ రైతు తన రాశి దగ్గర నిలబడితే ఒక ధర, లేకపోతే ఇంకో ధర. తూకం దగ్గరా అంతే. పోయిన సీజనులో అన్నయ్యకు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) మరునాడు ఫోనులో ఫొటోగా వచ్చింది. చూస్తే రెండు బస్తాలు తక్కువ. ఇంట్లో కూర్చున్న మనిషి ఎవరిని నిలదీస్తాడు?

డిపోలో అడిగితే ఒకరు ఓఆర్ (బస్సులో సీట్లు ఎంతవరకు నిండాయన్న లెక్క) రాలేదన్నారు, ఇంకొకరు అంతర్రాష్ట్ర వ్యవహారం, మా చేతిలో లేదన్నారు. ఏది నిజం?

జవాబు 1 (హనుమకొండ, ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైన వ్యక్తి):

అమ్మా, రెండూ నిజం కావచ్చు. పక్క రాష్ట్రంలోకి బస్సు తిప్పాలంటే మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ కింద రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉండాలి. ఎవరి బస్సులు అవతల ఎన్ని కిలోమీటర్లు తిరగాలో అందులో రాసుకుంటారు. ఆ లెక్క తేలకపోతే ఏమవుతుందో కరోనా ఏడాదే చూశాం. ఆంధ్రప్రదేశ్‌కూ మనకూ మధ్య మార్చిలో ఆగిన బస్సులు, లాక్‌డౌన్ సడలించాక కూడా, నవంబరు 2న ఒప్పందం కుదిరేదాకా కదలలేదు. చెరొక వైపు సుమారు 1.61 లక్షల కిలోమీటర్లకు ఒప్పుకున్నారు.

మీ బస్సు ఒకప్పుడు తిరిగిందంటే పర్మిట్ ఉండి ఉంటుంది. అది ఇప్పటికీ చెల్లుతుందా అని సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. చెల్లితే మిగిలేది ఓఆర్ ఒక్కటే. తెల్లవారుజామున బయలుదేరే బస్సు ముందురోజు రాత్రి అక్కడే ఆగాలి. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి శుభ్రమైన గది లేక ఇలాంటి సర్వీసులు రద్దు కావడం నేను కళ్లారా చూశాను. ఆ గది ఏర్పాటు చేస్తామని సిరోంచ నగర పంచాయతీతో రాయించుకుని వెళ్లండి. ఉత్త విన్నపం కన్నా అది బాగా పనిచేస్తుంది.

జవాబు 2 (చెన్నూరు, మిరప రైతు):

అక్కా, బస్సు వచ్చేలోగా ఒక మాట. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని చిన్న సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు. పర్మిట్ పేరు చెప్పి అలాంటి బండిని ఆపితే 66వ సెక్షన్ చూపించమనండి. మీ అన్నయ్య పొలం సాత్‌బారా (మహారాష్ట్రలో భూమి రికార్డు) నకలు బండిలో ఉంచితే సరుకు రైతుదా, వ్యాపారిదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. బస్తాలు ఎక్కించేటప్పుడే లెక్క రాసి డ్రైవరు సంతకం తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అయ్యా, తమ్ముడూ, ఇద్దరికీ దండాలు. రాత్రి బస గది సంగతి నాకు తట్టనే లేదు. ఓఆర్ విషయంలో నాకు నమ్మకం ఉంది. మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం వచ్చాక కాళేశ్వరం దాకా ఆడవాళ్లకు టికెట్ లేదు, అక్కడ దిగి వంతెన దాటడానికి ఆటో కోసం కాచుకుని ఉంటున్నాం. వచ్చే వారం పుట్టింటికి వెళ్తున్నాను. మార్కెట్ ఉన్న రోజుల్లో పొద్దున్న ఎంతమంది ఆటోల్లో వంతెన దాటుతున్నారో నేనూ మా వదినా అక్కడే నిలబడి రాసుకుంటాం. ఆ కాగితం, పంచాయతీ ఉత్తరం కలిపి డిపోలో ఇస్తాను. వాళ్లేమన్నారో ఇక్కడే రాస్తాను.