యానాం విలీనం: ప్రజల మనసులో మాట ఏమిటి?

ప్రశ్న:
1954లో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడినప్పుడు ఊరంతా ఒక్క మాట మీద ఉందని చెబుతుంటారు. అయితే బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌లో 1949లో జరిగినట్టు అక్కడ ప్రజల ఓటింగు జరగలేదు. మరి ఆ మాటకు ఆధారం ఏమిటి?

మొదటి జవాబు:
అడగవలసిన ప్రశ్నే. ఫ్రెంచి స్థావరాల భవిష్యత్తును అక్కడి ప్రజలే ఓటుతో తేల్చుకోవాలని 1948లో భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. చందర్‌నగర్‌లో విలీనానికి 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114 ఓట్లు పడ్డాయి. మిగిలిన స్థావరాల వంతు వచ్చేసరికి ఆ పద్ధతి అటకెక్కింది. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో ఓటు వేసినవారు 178 మంది ఎన్నికైన ప్రతినిధులు మాత్రమే. వారిలో 170 మంది విలీనాన్ని సమర్థించారు. యానాం అయితే దడాల రాఫెల్ రమణయ్య నాయకత్వాన జూన్ 13నే ఫ్రెంచివారి చేయి దాటిపోయింది.

ఊరంతా ఎందుకు విలీనం వైపు మొగ్గిందన్న దానిపై నా అంచనా వేరు. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో వచ్చాక చుట్టుపక్కల జిల్లాల వారు బాల్యవివాహాలు జరిపించడానికి యానాం వెళ్లేవారు. విదేశీ సరుకు కోసం వెళ్లేవారూ ఉండేవారు. అంటే ఆ సరిహద్దు లోపలివారికీ బయటివారికీ కూడా కొంత అక్కరకు వచ్చేది. ఫ్రెంచి స్థావరాలకూ ఇండియాకూ మధ్య 1941లో కుదిరిన కస్టమ్స్ (సరిహద్దు సుంకాల) ఒప్పందం 1949లో ముగిసిన తరువాత అదే సరిహద్దు కంచెగా మారింది. అప్పట్లో నాలుగు వైపులా తూర్పు గోదావరి జిల్లాయే ఉన్న ఊరికి బియ్యం మొదలు బంధువుల రాకపోకల వరకు ప్రతిదానికీ తనిఖీ తప్పనప్పుడు, మనసులు మారడానికి ఉపన్యాసాల అవసరం అంతగా ఉండదు.

అభ్యంతరం:
మీ వాదనలో దేశాభిమానానికి చోటే లేదండీ. ఇబ్బందులకు ఓర్చుకున్నవారిని లాభనష్టాల లెక్కలు వేసుకున్నవారిగా చూపడం అన్యాయం.

మొదటి జవాబు రాసినవారు:
దేశాభిమానం లేదనడం నా ఉద్దేశం కాదు. అది ఎంతమందిలో, ఎంత గాఢంగా ఉండేదో కొలిచే అవకాశాన్ని ఎవరూ ఇవ్వలేదన్నదే నా మాట. ఫ్రెంచి పక్షాన రాజకీయం నడిపిన ఎడ్వర్డ్ గుబేర్ 1954లో విలీనం వైపు తిరిగారు. ఆయన మారినంత మాత్రాన ఆయనకు ఓటు వేసినవారు కూడా అదే రోజు మారారని చెప్పగలమా?

మరొక సభ్యుడు:
ఇద్దరూ భారత్, ఫ్రాన్స్‌ల మధ్య కుదిరిన 1956 నాటి ఒప్పందాన్ని వదిలేశారు. ఆ స్థావరాల ప్రత్యేక పాలనా హోదాను మార్చాలంటే ముందుగా ప్రజల అభీష్టాన్ని తెలుసుకోవాలని అందులో రాసుకున్నారు. 1962 ఆగస్టు 16న అది అమలులోకి వచ్చింది. పుదుచ్చేరిని పొరుగు రాష్ట్రంలో కలపాలన్న ఆలోచన 1979లో బయటకు వచ్చినప్పుడు అక్కడివారు దాన్ని వ్యతిరేకిస్తూ వీధుల్లోకి వచ్చారు. భారతదేశంలో కలవడానికి సరే అన్నవారే పొరుగు రాష్ట్రంలో కలవడానికి ససేమిరా అన్నారు. కాబట్టి 1954లో వారు దేనికి ఒప్పుకున్నారో, దేనికి ఒప్పుకోలేదో విడివిడిగా అడగాలి.